పడిశానికి గడి లేదు

సోమవారం పొద్దున్న ఏడు గంటలకి మా పడవ ధవళేశ్వరం లాకుల్లోకి వచ్చింది. నలభై రెండు మందిమి. బర్మా నుంచి కాకినాడ దాకా స్టీమరు, అక్కణ్ణించి కాలవ. మాఘమాసం చివర. నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు. ఒక్కొక్కడి దగ్గర తుపాకి, బాయినెట్టు, ఇరవై తూటాలు, ఒక కంబళి, ఒక చెంబు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన అప్పటికి లేదు.

మమ్మల్ని ఆనకట్ట పక్కన ఒక పాత గిడ్డంగిలో దింపారు. పొడవు అరవై అడుగులు, వెడల్పు పద్దెనిమిది. లెక్క వేశాను. మనిషికి ఇరవై ఐదు చదరపు అడుగులు వచ్చి, ముప్పై మిగిలాయి. కిటికీలు నాలుగు. నాలుగూ నది వైపే.

నేను అప్పుడు పటాలంలో నాయకుణ్ణి, అంటే హవల్దారుకి కింద మెట్టు. వయసు ముప్పై ఎనిమిది. బడికి వెళ్లినవాణ్ణి కాదు. మా నాన్న కాలవ లాకుల దగ్గర తలుపులు తిప్పేవాడు. వచ్చే పడవలు, పోయే పడవలు లెక్క పెడుతూ కూడికలు, తీసివేతలు నాకు నేనే నేర్చుకున్నాను. అక్షరాలు పటాలంలో వచ్చాయి. అందుకని కాపలా చిట్టా రాసే పని నాకు అప్పగించారు. ఈ కథంతా ఆ చిట్టాలోదే. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

కాపలా ఒక్కచోటే. మందుగుండు కొట్టు తలుపు ముందు. రోజుకి పన్నెండు మంది, మనిషికి రెండు గంటలు. పొద్దున్న ఆరింటికి ఒకటో నంబరు ఎక్కుతాడు. ఎనిమిదింటికి రెండోవాడు వచ్చి అతణ్ణి దింపుతాడు. అలా మర్నాడు ఆరింటిదాకా. వారమంతా అవే పేర్లు, అవే గంటలు.

కాపలా మీద చుట్ట కాల్చకూడదు. మందుగుండు ఉంది కాబట్టి అది న్యాయమే. కానీ లంక పొగాకు చుట్ట లేకుండా రెండు గంటలు నిలబడినవాడి ప్రాణం ఎలా ఉంటుందో కాల్చేవాళ్లకి తెలుసు. అందుకని మాలో ఒక పద్ధతి ఉండేది. కాపలా మార్పిడి కొట్టుకి ఇరవై గజాల ఇవతల, వేప మొద్దు దగ్గర జరిగేది. ఎక్కబోయేవాడు వెలిగించుకుని వచ్చి, నాలుగు దమ్ములు పీల్చి, ఆ చుట్ట దిగేవాడి చేతిలో పెట్టేవాడు. ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడి, సంగతులు చెప్పుకుని విడిపోయేవారు. తుపాకి అప్పగింత కన్నా చుట్ట అప్పగింతే మావాళ్లు శ్రద్ధగా చేసేవారు.

ఐదో నంబరు మా బాకా ఊదేవాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అతని వంతు. బుధవారం పొద్దున్న అతను బాకా ఎత్తాడు. సగంలో తుమ్మాడు. బాకాలోంచి వచ్చిన చప్పుడుకి వరసంతా నవ్వింది.

"దున్నపోతు ఈనిందేంటిరా?" అన్నాడు హవల్దారు.

"పడిశమండి. స్టీమరు మీద కళాసీలందరికీ ఉందండి. నాకూ ఒక ముక్క ఇచ్చి పంపారు" అన్నాడు బాకావాడు.

ఆస్పత్రి పని చూడ్డానికి మాకొక డ్రెస్సరు ఉండేవాడు. అతని దగ్గర పెద్ద రిజిస్టరు ఉండేది. అందులో గడులు ఆరు. జ్వరం, విరేచనాలు, గాయం, పుండు, కళ్లు, పాముకాటు. మెడ మీద చెయ్యి వేసి చూసేవాడు. కాలుతూ ఉంటే జ్వరం గడిలో రాసి మంచం ఇచ్చేవాడు. కాలకపోతే పనికి పంపేవాడు. బాకావాడి మెడ చల్లగా ఉంది.

"పడిశానికి గడి లేదు. పోయి పని చూసుకో" అన్నాడు.

ఆ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత జరిగిందంతా ఆ మాట మీదే జరిగింది.

ఆ మధ్యాహ్నం ఎవరో పెద్ద దొర ఆనకట్ట చూడ్డానికి వచ్చాడు. సలాముకి బాకావాణ్ణి అటు పంపారు. చిట్టాలో నేను రాశాను: బుధవారం, అయిదుకి బదులు పన్నెండు. మర్నాటికి బాకావాడికి జ్వరం. నడుం విరిగినట్టు, కళ్ల వెనక మేకులు దిగినట్టు ఉందన్నాడు. శుక్రవారం నాలుగో నంబరుకి ముక్కు కారింది. ఆదివారం మూడో నంబరుకి. మంగళవారం రెండో నంబరుకి. పడిశం వచ్చిన ప్రతివాడికీ మర్నాడే జ్వరం. నిలువెత్తు మనుషులు కంబళి కింద వణికారు.

నేను చిట్టాను ముందు నుంచి చదువుతూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు. ఏమీ తోచలేదు. మంగళవారం సాయంత్రం ఎందుకో వెనక నుంచి చదివాను. అయిదు, నాలుగు, మూడు, రెండు. మధ్య రెండేసి రోజులు. కాపలా ముందుకి నడుస్తుంది. చుట్ట వెనక్కి నడుస్తుంది. అయిదోవాడు నాలుగోవాడికి ఇస్తాడు, నాలుగోవాడు మూడోవాడికి. జబ్బు చుట్ట నడిచిన దారినే నడుస్తోంది.

మాకు నీళ్లు మోసే మనిషి ఒకడుండేవాడు. అతని కులం చెప్పి అతణ్ణి గిడ్డంగి లోపలికి రానిచ్చేవారు కాదు. చూరు కింద, బయట పడుకునేవాడు. ఎవరూ చుట్ట ఇచ్చేవారు కాదు. అతను మేం తాగే గోదావరి నీళ్లే తాగుతున్నాడు. ఆ బురద గాలే, మాకన్నా ఎక్కువ పీలుస్తున్నాడు. ఒక్క తుమ్ము తుమ్మలేదు.

"నీకు రాలేదేంటయ్యా?" అని అడిగాను.

"మీరు గది ఇవ్వరు, చుట్ట ఇవ్వరు. అది కూడా ఇవ్వలేదండి" అన్నాడు.

అంటూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

బుధవారం పొద్దున్నే డ్రెస్సరు దగ్గరికి చిట్టా పట్టుకెళ్లాను. వెనక నుంచి చదివి చూపించాను. నీళ్ల మనిషి సంగతి చెప్పాను. జ్వరం గాల్లోంచి, బురదలోంచి రావడం లేదు, మనిషి నుంచి మనిషికి వస్తోంది, పడిశం వచ్చినవాణ్ణి ఆ రోజే వేరు పెడితే ఆగుతుంది అన్నాను.

"నువ్వు లెక్కలు బాగా చేస్తావు నాయకూ. వైద్యం నాకు వదిలెయ్" అన్నాడు. "బురద బాడవల మీంచి తెల్లారుగట్ల చెడ్డగాలి లేస్తుంది. పుస్తకంలో ఉంది."

ఆ చెడ్డగాలి సంగతే మా పటాలం దొరకి చెప్పాడు. పన్నెండు గంటలకి మా పై అధికారి సుబేదారు గారు వచ్చి దొర హుకుం చదివారు. నది వైపు కిటికీలు నాలుగూ మూసి మేకులు కొట్టాలి. మంచు విడేదాకా ఎవరూ బయటికి రాకూడదు.

మేకులు కొట్టింది నేనే. కిటికీకి ఆరు, మొత్తం ఇరవై నాలుగు.

దొర బంగళా ఏటి గట్టు మీదే ఉంది. దానికి కిటికీలు పద్నాలుగు. నేను లెక్కపెట్టాను. ఒక్కటీ మూసి లేదు.

శనివారానికి పదకొండు మంది మంచాన పడ్డారు. వాళ్లలో ఏడుగురు కాపలా చిట్టాలో లేరు. ముగ్గురు చుట్ట ముట్టనివాళ్లు. అంటే చుట్ట కూడా అక్కర్లేదు. దగ్గేవాడి పక్కన, మూసిన గదిలో, అదే గాలి పీలుస్తూ పడుకుంటే చాలు. మరి బాకావాడి తర్వాత కాపలాలో ముగ్గురికి అంటించింది చుట్టా, లేక చుట్ట అందుకునేటప్పుడు ఎదురుగా వదిలిన ఊపిరా? అది అప్పుడు తేలలేదు. తేలాక నాకు సంతోషం కలగలేదు.

ఆదివారం ఇంకో హుకుం. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలు పట్టే పల్లెవాళ్ల పాలెం ఒకటి ఉంది. చవిటి నేలలో దానంతట అదే తేలిన ఉప్పు సర్కారుకి పన్ను కట్టకుండా ఎత్తుకుంటున్నారని, అడగబోయిన బంట్రోతుల్ని తరిమారని ఫిర్యాదు. ఒక నాయకు, ఎనిమిది మంది సిపాయిలు వెళ్లి పన్నెండు రోజులు అక్కడ కూర్చోవాలి. రోజూ పొద్దున్నే ఇల్లిల్లూ వెతకాలి. నాయకు నేనే. మంచం పట్టినవాళ్లు పోగా నిలబడ్డవాళ్లలోంచి డ్రెస్సరు ఎనిమిది మందిని ఏరాడు. అందులో ఇద్దరికి ముక్కు కారుతోంది.

నేను సుబేదారు గారి ముందు నిలబడ్డాను. ఆయనకి నలభై ఏళ్ల సర్వీసు. మనిషి చెడ్డవాడు కాదు. అదే నాకు ఇంకా కోపం.

"నాలుగు రోజులు ఆపించండి సుబేదారు గారూ. రావలసినవాళ్లకి ఈ నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. మిగిలినవాళ్లని తీసుకెళ్తాను. అక్కడ చిన్న పాకలండి. పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. మనం పట్టుకెళ్లి ఇచ్చినట్టవుతుంది."

"పడిశానికి పటాలం ఆగిందని దొరకి నేను చెప్పాలా?"

"ఆ ఇద్దర్నయినా మార్చండి."

"మార్చడానికి మనుషులేరి? కిటికీలు వేసుకుని పడుకున్నా ఇలా పడిపోతున్నారేంటి వీళ్లు" అన్నారాయన. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

సోమవారం తెల్లవారి బయలుదేరాం. పోటు చూసుకుంటూ పడవ సాయంత్రం అయిదింటికి మొగ చేరింది. పడవలోనే నేను నా హుకుం చెప్పాను. పడిశం ఉన్న ఇద్దరూ తలపాగా గుడ్డ ముక్కుకీ నోటికీ చుట్టుకుని పడవ దగ్గరే ఉండాలి. ఎవరూ పాకల్లో పడుకోకూడదు, ఇసకలో పడుకోవాలి. ఎవరి చుట్ట వాళ్లదే. వెతకడానికి పాకల్లోకి ఒక్కడే వెళ్తాడు. ఆ ఒక్కణ్ణి నేను. ఎందుకంటే నాకు ఒంట్లో ఏమీ లేదు.

పాకలు పద్నాలుగు. జనం అరవై మూడు. నావలు తొమ్మిది. పాక తొమ్మిదడుగుల చదరం. తాటాకు కప్పు నడుం దాకా దిగి ఉంటుంది. లోపలికి వంగి దూరాలి, లోపల మోకాళ్ల మీద కూర్చోవాలి.

మంగళవారం ఆరింటికి మొదలుపెట్టాను. నాలుగో పాకలో ఒక ముసలమ్మ ఉంది. తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి ఎండుచేపలు అమ్మే మనిషి. నేను కుండ మూత తీశాను.

"ఏంటి బాబూ, కుండలో తొంగి చూస్తన్నావు? మీ అత్తగారు గానీ దాక్కుందా?"

"ఉప్పుంటే చెప్పమ్మా. చూసి వెళ్లిపోతాను."

"ఉందండి. ఉప్పెయ్యకపోతే చేప పురుగు పట్టదా? మా చేపకి మేం ఉప్పేసుకుంటే దొరగారికి మంటేంటో." అంటూనే నా వైపు చూసింది. "ఆ చుట్ట చెవి మీద పెట్టుకు తిరుగుతావేంటి? నోట్లో పెట్టుకునేది కదా అది."

ఆమె పొయ్యిలో నిప్పుకి అంటించుకున్నాను. నాలుగు దమ్ములు పీల్చాను. ఆమె చెయ్యి చాపింది. నాకు పడిశం లేదు. నా లెక్క ప్రకారం నేను శుభ్రమైన మనిషిని. ఇచ్చాను.

ఆమె దాన్ని తిప్పింది. మండే కొస నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ మా వైపు ఆడవాళ్లకి కొత్త కాదు, నేనూ చూసినదే. అయినా అంత నిమ్మళంగా నిప్పు మింగిన మనిషిని చూడలేదు.

"కాలదా అమ్మా?"

"నిప్పు బయట పెట్టుకుంటే సముద్రం గాలే కాల్చుకుపోద్ది. లోపలుంటే మనకుంటది." పెదవుల చివరి నుంచి మాట్లాడింది. నేను నవ్వాను. ఆ తొమ్మిదడుగుల పాకలో, ఆమె మొహానికి మూరెడు దూరంలో, నోరారా నవ్వాను.

పద్నాలుగు పాకలూ అయ్యేసరికి ఎనిమిది దాటింది. దొరికిన ఉప్పు మూడు కుండల్లో కలిపి ఎనిమిది శేర్లు.

బుధవారం పొద్దున్న నాకు ముక్కు కారింది.

ఇసకలో కూర్చుని చిట్టా తీశాను. నా చేతి రాత నాకే కనిపించింది. బుధవారం, అయిదుకి బదులు పన్నెండు. బాకావాడు తుమ్మిన రోజు అసలు కాపలా ఎక్కలేదు. నాలుగోవాడికి ఆ రోజు చుట్ట ఇచ్చింది పన్నెండోవాడు. పన్నెండోవాడికి ఏమీ రాలేదు. అంటే బాకావాడు నాలుగోవాడికి అంటించింది మంగళవారమే. అప్పటికి అతనికి తుమ్ము లేదు, చీమిడి లేదు, ఏమీ లేదు. ముక్కు కారడానికి ఒక రోజు ముందే మనిషి ఇచ్చేస్తున్నాడు. అది రెండు వారాలుగా నా దగ్గరే ఉంది. నేనే రాశాను. రాసి, లెక్కలోకి తీసుకోలేదు. డ్రెస్సరుకి పడిశానికి గడి లేదు. నాకు పడిశానికి ముందు రోజుకి గడి లేదు.

పడిశం వచ్చిన ఇద్దర్నీ పడవ దగ్గర కట్టేశాను. వాళ్ల వల్ల పాలెంలో ఎవరికీ రాలేదు. పద్నాలుగు పాకల్లోకి దూరింది నేను.

ఆ రోజు నుంచి వెతకడం మానేశాను. రోజువారీ కాగితంలో వెతికాం అని రాశాను. అబద్ధం రాయడం అదే మొదలు. దాని వల్ల ఉపయోగం లేదు. శుక్రవారానికి నాలుగో పాక, ఏడో పాక, పదకొండో పాక పడ్డాయి. ఆదివారానికి పద్నాలుగూ పడ్డాయి. అరవై మూడు మందిలో నలభై ఎనిమిది మంది. తొమ్మిది నావలూ తొమ్మిది రోజులు ఇసక మీదే ఉన్నాయి. మావాళ్లు గంజి కాచారు. లేవగలిగినవాళ్లు గుమ్మం దాకా వచ్చి ముంత నింపుకుని వెళ్లేవారు. చాలామందికి అయిదారు రోజుల్లో తగ్గింది. కొందరికి జ్వరం తగ్గినట్టే తగ్గి, ఛాతీలోకి దిగింది. ఎగశ్వాస. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. వాటికి నా దగ్గర ఏ మందూ లేదు. డ్రెస్సరు దగ్గరా లేదు.

పదో రోజు నాలుగో పాక గుమ్మం ముందు కూర్చున్నాను. ముసలమ్మ కళ్లు తెరిచింది.

"నీకు తగ్గిందా బాబూ పడిశం?" అంది.

తగ్గిందన్నాను. పదకొండో రోజు ఆమె పోయింది. మేం ఉండగా పోయినవాళ్లు ముగ్గురు. ఆమె ఒకరు, ఏడో పాకలో ఒక బాలింత, ఆ బాలింత బిడ్డ. తర్వాత ఇంకో ఇద్దరు పోయారని అమలాపురం సంతలో చేపలమ్మే మనిషి చెప్పింది. ఐదుగురు. ఎనిమిది శేర్ల ఉప్పు.

శనివారం తిరుగు పడవ. ధవళేశ్వరంలో సుబేదారు గారికి నా కాగితం ఇచ్చాను. రెండు పేజీలు. ఎవరికి ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో, నా పేరుతో సహా రాశాను. ఆయన నిలబడే చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. దొరకి వెళ్లిన కాగితం నాకు తర్వాత కనిపించింది. మూడు ముక్కలు. ఉప్పు స్వాధీనమైంది. ఎవరూ ఎదురు తిరగలేదు. పాలెం ప్రశాంతంగా ఉంది.

లేచి నిలబడే మనిషి లేని పాలెం ప్రశాంతంగా కాక ఎలా ఉంటుంది?

కిటికీల మేకులు అలాగే ఉన్నాయి. డ్రెస్సరుని అడిగాను. ఎండలు వచ్చాయి, చెడ్డగాలి తగ్గింది, మా జాగ్రత్త వల్ల జబ్బు ఆగింది అన్నాడు. గిడ్డంగిలో మిగిలిన ముప్పై ముగ్గురిలో రానివాళ్లు నలుగురే. అంటడానికి మనుషులు అయిపోయి ఆగింది. లోపల పీనుగులాంటి వాసన. మేకులు ఇరవై నాలుగూ నేనే పీకాను. హుకుం లేకుండా పీకినందుకు శిక్షగా ఏడు రోజులు ఎండలో నిలబెట్టారు. నిలబడ్డాను.

తర్వాత మూడేళ్లకి పటాలం నుంచి బయటికి వచ్చాను. ఆ జబ్బుకి ఇన్‌ఫ్లుయెంజా అని పేరు ఉందని పత్రికలో చదివాను. కంటికి కనిపించని ఏదో పురుగు అంటున్నారు. పురుగో, విత్తనమో నాకు తెలియదు. అది ఎలా నడుస్తుందో తెలుసు. మా ఊళ్లోవాళ్లు అరుగు మీద కూర్చుని, బర్మాలో ఎంతమందిని చంపావు నాయకూ అని అడుగుతారు. బర్మాలో పొగ చాటు నుంచి కాల్చాం. ఎవరి తూటా ఎవరికి తగిలిందో లెక్క తేలదు. ఇది తేలింది. తుమ్మేవాడు మీ ఇంటికి వస్తే గుమ్మం బయట కూర్చోబెట్టండి, కిటికీలు తియ్యండి, పడిశమే కదా అనకండి అని చెబుతాను. వింటారు. మళ్లీ బర్మా సంగతి అడుగుతారు.

పాలెం నుంచి బయలుదేరే రోజు పొద్దున్న నేను చివరిసారి నాలుగో పాక ముందుకి వెళ్లాను. లోపల ఎవరూ లేరు. చూరు తాటాకుల్లో సగం చుట్ట ఒకటి దోపి ఉంది. నేను ఇచ్చినదే. తర్వాత కాల్చుకుందామని ఆర్పి దాచుకుంది. ఆమె నోట్లో ఉన్నది నిప్పు కొస. నా నోరు తగిలిన కొస ఆమె నోటికి తగలనే లేదు. కాబట్టి చుట్ట కాదు. నా ఊపిరి. నా నవ్వు. లెక్క అక్కడ పూర్తయింది.

పదేళ్లు దాటింది. ఇప్పుడు వంతెన మీద రైలు పోతోంది. ఆ చుట్ట మాత్రం నా కళ్లలో ఇంకా ఆ చూరులోనే ఉంది. మాడిన కొస తాటాకు లోపలికి. నా పళ్ల గాట్లున్న కొస నా వైపుకి.